ఎర్ర బాణం గీసిన ఫొటో

నరసరావుపేట, మంగళవారం రాత్రి



ఆదివారం నేనూ, నాలాగే ఆకాశం పిచ్చి ఉన్న మెకానిక్ మస్తానూ వ్యోమనౌక పంపిన గ్రహశకలం ఫొటోలు చూస్తూ కూర్చున్నాం. ఒకచోట మూడు శిఖరాల బండ కనిపించింది. అచ్చం మన కొండలాగే ఉందని ముచ్చటపడి, దానికి ఎర్ర బాణం గీసి, పక్కన ‘కోటప్పకొండ’ అని రాసి బజారు వాట్సాప్ గ్రూపులో పెట్టాను. జనం దాన్ని ఆ గ్రహశకలం పడబోయే చోటనుకున్నారు.

ఈ సాయంత్రం పక్కింటి రమణమ్మ పిన్ని ఏడుస్తూ వచ్చింది. ఆమె కూతురు కాపురం ఉండేది కొండ కిందే. నెలలు నిండిన మనిషి.

“రాయి పడుద్దని అల్లుడు దాన్ని బండెక్కించుకొని అంత దూరం గురజాల పోతన్నాడయ్యా.”

“ఆ పేరు నేనే సరదాకి రాశా పిన్నీ. ఏ రాయీ పడదు.”

“నేను భయపడతానని అట్టా అంటన్నావులే.”

నేను ఫోన్ చేయగానే మస్తాన్ వాళ్లను వెనక్కి తేవడానికి బండి తీశాడు. ఇప్పుడు పది దాటింది. ముగ్గురిలో ఎవరూ ఫోన్ తీయడం లేదు.

ఇందాక ఆ ఫొటో మళ్లీ తెరిచాను. నేను గీసిన బాణం పైనుంచి కిందికి దిగుతోంది. ఇప్పుడు నాకూ ఆ రాయి పడుతున్నట్టే కనిపిస్తోంది.