ఎడమ చేతి గుద్దు

గంభీరావుపేట

ప్రిన్సిపాల్ సార్‌కు నమస్కారం.

క్షమాపణ రాసి ఇవ్వకపోతే పరీక్షకు కూర్చోనివ్వనన్నారు. అందుకే రాస్తున్నాను.

సైకిల్ స్టాండ్ దగ్గర మా క్లాసు మహిపాల్ నా కుడి చేయి పట్టుకుని మెలితిప్పాడు. "ఫోన్ నంబర్ చెప్తెనే ఇడిచిపెడ్త" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఎడమ చేత్తో వాడి ముక్కు మీద గుద్దాను. రక్తం కారింది. మీరు పరుగున వచ్చి వాడికి మంచినీళ్లు తాగించారు. నా మణికట్టు వైపు చూడనైనా లేదు. వాడి చేత ఒక్క ముక్క రాయించలేదు. నన్ను మాత్రం "ఆడివిల్లవు, గీ గుద్దుడు నీకెవడు నేర్పిండు?" అని అందరి ముందూ అడిగారు.

ఎవడూ నేర్పలేదు సార్. వీడియోలు చూసి నేర్చుకున్నాను. ఫోన్‌ను గోడకు ఆనించి, అద్దం ముందు నిలబడ్డట్టు నిలబడేదాన్ని. అందులో మాస్టర్ కుడి చేత్తో గుద్దితే, దానికి ఎదురుగా ఉన్న నా ఎడమ చేత్తో నేను గుద్దేదాన్ని. అంతా తారుమారుగా నేర్చుకున్నానని చాలా రోజులకు గాని తెలియలేదు. అమ్మకు చెబితే, ఊక నింపిన గోనెసంచిని కొట్టంలో వేలాడదీసి "ఏ చెయ్యయితేంది బిడ్డా, గట్టిగ గుద్దు" అన్నది.

కుడి చేయి దొరికితే ఆడపిల్ల దొరికిపోయినట్టేనని మహిపాల్ అనుకున్నాడు. మీరు కోపగించుకున్నది కూడా నేను దొరకనందుకేనేమో.

సరే, క్షమాపణ అడుగుతున్నాను. అక్షరాలు వంకరటింకరగా ఉన్నందుకు క్షమించండి. కుడి చేయి ఇంకా వాచే ఉంది. ఇది కూడా ఎడమ చేత్తోనే రాశాను.

ఇట్లు,
మీ బీకాం విద్యార్థిని