వేలిముద్ర కింది మాటలు

హవల్లీ,
కువైట్. ఫిబ్రవరి 7, శుక్రవారం.

బడిలో పెద్ద పిల్లలకు కోర్సులు రాసిచ్చే కేథరిన్ మేడమ్ గారికి,

సబా అల్ సలేంలో ముప్పై ఏళ్ళుగా ఒకే ఇంట్లో వంట చేస్తున్న పోలేరమ్మ నమస్కరించి రాయించేది ఏమంటే, మీరు పాలకొల్లు వారని, తెలుగు చదువుతారని తెలిసి ధైర్యం చేస్తున్నాను. రాస్తున్నది నా కొడుకు కూతురు సుధారాణి, మీ బడి పిల్లే. చెప్పింది చెప్పినట్టు రాయమన్నాను. ఏమ్మే, రాస్తాండావా? అది కూడా రాయి.

మీ బడిలో కాలేజీ చదువంత గట్టివి, అడ్వాన్స్‌డ్ కోర్సులని ఆరు ఉన్నాయంట. మా ఇంటి యజమానురాలిని మామా అంటాం, ఆమె మనవరాలు నూరాదీ ఇదే తరగతి. ఆ పిల్ల కాగితంలో ఆరూ ఉన్నాయి. మా పిల్ల కాగితంలో మూడే ఉన్నాయి.

మేడమ్, ఎవరి పళ్ళెంలో ఏ ముక్క పడుతుందో నాకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. మా ఇంట్లో పెద్ద పళ్ళెం ముందు మగవాళ్ళకు పోతుంది, తర్వాత ఆడవాళ్ళకు. చివరికి మెడముక్క వంటింటికి వస్తుంది. దానికి నాకు బాధ లేదు, రుచంతా మెడముక్కలోనే ఉంది. కానీ చదువులో కూడా వంటింటి వాటా ఉంటుందని ఇప్పుడే తెలిసింది. పిల్ల నాయన, నా కొడుకు గంగాధర్ అమ్ఘరాలో టైల్సు మోసి నడుము పోగొట్టుకున్నది దానికోసం కాదు. మా పిల్లకు ఆరూ వడ్డించండి.

వేలిముద్ర వేస్తున్నాను. దీని కింద ఒక్క అక్షరం ఉన్నా అది నాది కాదు. తొలిసారి కువైట్ వచ్చేటప్పుడు ఏజెంటు నా వేలిముద్ర కింద ‘మేకలను కూడా కాయును’ అని రాసుకున్నాడు. రెండేళ్ళు కాశాను.

ఇట్లు,
పోలేరమ్మ, ఎడమ బొటనవేలు

తా.క. మేడమ్, నేను సుధారాణిని. ఆ మూడు నేనే ఎంచుకున్నాను. మా ఇంట్లో జేజికి, అంటే నానమ్మకి, ఎదురు చెప్పినవాళ్ళు ఇంతవరకు లేరు. మీరే తగ్గించారని ఉండనివ్వండి, ప్లీజ్.

*

హవల్లీ,
ఫిబ్రవరి 11, మంగళవారం.

పోలేరమ్మ గారికి నమస్కారాలు.

అమ్మా, మా బడిలో వంటింటి వాటా లేదండి. ఒక్కో అడ్వాన్స్‌డ్ కోర్సుకు రోజూ గంటకు తక్కువ కాకుండా ఇంటిపని ఉంటుంది. ఆరు తీసుకున్న పిల్లలు భోజనం దగ్గర కూడా పుస్తకం పక్కన పెట్టుకునే తింటారు. మీ అమ్మాయికి గణితం, జీవశాస్త్రం, రసాయనశాస్త్రం చాలని నిర్ణయం జరిగింది. ఎవరు నిర్ణయించారంటే, నేనే అనుకోండి. వంట చేసే మీకు నేను చెప్పాలా? ఎక్కువ వడ్డిస్తే అరగదు కదండీ.

ఉంటానండి,
కేథరిన్

తా.క. ఇది పైకి చదవక్కర్లేదు. సుధారాణీ, నీ బదులు ఈ నింద నేను ఎన్నాళ్ళు మొయ్యాలమ్మా?

*

హవల్లీ,
ఫిబ్రవరి 14, శుక్రవారం.

కేథరిన్ మేడమ్ గారికి పోలేరమ్మ రాయించేది. నమస్కారం పోయిన ఉత్తరంలోనే పెట్టాను, అదే వాడుకోండి.

అరగదన్నారు. ముప్పై ఏళ్ళలో నా చేతి వంట తిని అరగలేదన్న మనిషి లేడు. మామా తమ్ముడు ఆపరేషనయిన నాలుగో రోజున నా మచ్బూస్ తిని లేచి నడిచాడు. నూరాకు అరిగేది మా పిల్లకు ఎందుకు అరగదు? దాని పొట్టేమన్నా గాజుదా? యాడ సూస్తాండావే, రాయి.

మీకు నమ్మకం కుదరడానికి ఈ ఉత్తరంతో ఒక గిన్నె మచ్బూస్ పంపుతున్నాను. అన్నం అడుగున మాంసం ఉంది, వెతుక్కోండి. తెస్తున్నది మా ఇంటి డ్రైవరు కిరణ్ కుమార్, రోజూ నూరాను బడిలో దింపేది వాడే. ఆరుగురికి సరిపడా ఉంది. తిని, ఎవరికి అరగలేదో పేర్లు రాయండి. ఆరు కోర్సులు రాయకపోతే నేనే బయలుదేరి వస్తాను. వస్తే కూర్చుంటాను. నేను కూర్చుంటే లేవడం నా ఇష్టం.

ఇట్లు,
పోలేరమ్మ

ఈసారి వేలిముద్ర కాగితం మధ్యలోనే పడింది. పడితే పడనీ.

తా.క. మేడమ్, నేనే. ఆరు నాకు కష్టమని కాదు. మార్కులు మీరు చూశారు. ఆరు తీసుకుంటే శుక్రవారం కూడా పుస్తకాలకే పోతుంది. జేజికి వారానికి ఒక్క శుక్రవారమే సెలవు. వచ్చి నా తలకు నూనె రాస్తూ, మామా ఇంట్లో ఎవరు ఎవరితో మాట్లాడటం లేదో మొత్తం చెప్తుంది. నన్ను స్కూల్ సంగతులు అడిగి, ఏ టీచరు మంచిదో ఏ టీచరు కాదో తనే తీర్పు ఇస్తుంది. ఆ ఒక్క పూట నాకు కావాలి. ఈ మాట ఆమెతో అంటే ‘నా కోసం చదువు మానుకుంటావా’ అని గరిటె తీసుకుంటుంది.

*

హవల్లీ,
ఫిబ్రవరి 17, సోమవారం.

పోలేరమ్మ గారికి,

అమ్మా, అంత రుచి నేను ఈ దేశంలో ఎరగను. నలుగురం కూర్చున్నాం, సగం గిన్నె మిగిలింది. సైన్సు చెప్పే అచ్చిబాబు గారు రెండోసారి వడ్డించుకుని, మూడోసారి మొహమాటానికి వడ్డించుకుని, తర్వాతి క్లాసులో కుర్చీలోనే నిద్రపోయారు. పిల్లలు ఆయన్ను లేపకుండా తమ పాఠం తామే చదువుకున్నారట. నేను అరగదన్నది ఇదేనండి, మీ వంటను అనలేదు.

ఫారం ఇవ్వడానికి 27 వరకు గడువుంది. మీరు ఆరు రాయమంటే ఆరే రాస్తాను. కానీ ఒక్కసారి పిల్లను అడగండి.

కేథరిన్

తా.క. పైకి చదవొద్దు. సుధారాణీ, ఈ శుక్రవారం లోపల నువ్వు నోరు విప్పకపోతే నేను ఆరూ రాసేస్తాను. ఆవిడ వచ్చి కూర్చుంటే నా వల్ల కాదు.

*

సబా అల్ సలేం,
ఫిబ్రవరి 19, బుధవారం.

కేథరిన్ మేడమ్ గారికి పోలేరమ్మ నమస్కారం. ఇది కొత్త నమస్కారం.

చేతిరాత మారిందని చూస్తున్నారా? ఇది రాస్తున్నది కిరణ్ కుమార్. మీ ఉత్తరాలు, మా ఉత్తరాలు అన్నీ వాడి కారులోనే తిరిగాయి. నాకు చదవడం రాదు గానీ, నా వేలిముద్ర కింద సిరా ఉందో లేదో కళ్ళకు కనిపిస్తుంది. మొదటి ఉత్తరం మీకు చేరకముందే వాడితో చదివించుకున్నాను. మూడు ఎవరు ఎంచుకున్నారో ఆ రోజే తెలిసింది. మిమ్మల్ని ఊరికే తిట్టాను, మనసులో పెట్టుకోకండి.

మరి రెండో ఉత్తరం ఎందుకంటారా? మూడే ఎందుకని పిల్ల చెప్పలేదు కదా. మొహం మీద అడిగితే అది చెప్పే రకం కాదు, అంతా వాళ్ళ తాత పోలిక. నా వేలిముద్ర కిందయితే చెప్తుందనిపించింది. అందుకే ఆ ఉత్తరంలో ముద్ర కాగితం మధ్యలో వేసి, కింద బోలెడంత చోటు వదిలాను.

శుక్రవారం సంగతి చదివి కిరణ్ కారు పక్కన ఆపుకుని ముక్కు చీదుకున్నాడు. నేను ఏడవలేదు. ఏడవలేదని రాయి అబ్బాయ్, ఎందుకట్ల సూస్తావు?

మూడే ఉంచండి. పిల్లకు నేనే చెప్తాను, తలకు నూనె రాసేటప్పుడు. గరిటె తీసుకురానులే.

ఇట్లు,
పోలేరమ్మ, అదే బొటనవేలు

తా.క. కింద ఏమీ రాయకూడదని నేనే అన్నాను, ఇప్పుడు నేనే రాయిస్తున్నాను. మా పిల్ల వదిలేసిన మూడు కోర్సులూ పారేయకండి, నూరాకు ఇవ్వకండి, నా పేరు మీద ఉంచండి. మొదటిది చదవడం. రెండోది రాయడం. మూడోది, నా వేలిముద్ర కింద ఎవరేం రాశారో డ్రైవరును అడగకుండా నేనే చూసుకోవడం. తరగతి శుక్రవారం, టీచరు సుధారాణి. కొట్టడానికి వీల్లేదని ముందే ఒప్పందం.

ఇంకో తా.క. గిన్నె ఇంకా రాలేదు. కడగకపోయినా పర్వాలేదు, పలకా బలపం అందులో పెట్టి పంపండి.