తేలు కాని పురుగు

పద్మారావు నగర్, సికింద్రాబాద్
27 ఆగస్టు 1948

ప్రియమైన చిట్టితల్లి దేవకృపకు, నాన్న దీవెనలు.

ప్రభువు దయవల్ల రోజులు గడుస్తున్నాయి. నీ జంతుశాస్త్రంతో నాకొక పని పడింది. పెరట్లో వడ్లు దాచే పాత పాతర ఉంది కదా, దాని అడుగున రాయి ఎత్తితే ఆవగింజంత పురుగులు కనిపించాయి. తేలుకున్నట్టే రెండు డెక్కలు. తోక లేదు. భూతద్దంతో ఎంత వెతికినా కళ్లు లేవు. "తేలు పిల్లలే సార్" అని పక్కింటి విజయమ్మ ఒకటే ఏడుపు. అందులో రోజంతా కూర్చునే మనిషికి ప్రమాదమా? వెంటనే రాయి.

మీ నాన్న,
పేతురు మాస్టరు

మద్రాసు
5 సెప్టెంబరు

ప్రియమైన నాన్నగారికి నమస్కారాలు.

అవి తేళ్లు కావు. కొండి లేదు, మనిషికి ఏ హానీ లేదు. చీకట్లో పుట్టి చీకట్లోనే బతికేవాటికి కళ్లతో పనేముంది? మా ప్రొఫెసర్ సంబరపడి, ఒకటి సీసాలో పంపమన్నారు. ఇకమీదట వాటిని తేలు అనకండి. అబద్ధమాడితే బెత్తం తీసేది మీరేగా!

కానీ నాన్నా, పాతరలో రోజంతా కూర్చునేదెవరు? మీరేనా? ఎవరి భయంతో? నాకు దిగులుగా ఉంది.

మీ కూతురు,
దేవకృప

మద్రాసు
15 సెప్టెంబరు

ప్రియమైన నాన్నా,

భారత సైన్యం మీవైపు బయల్దేరిందని రేడియోలో విన్నాను. మీ ఉత్తరం రాలేదు. అన్నం సహించడం లేదు. ఆ పాతరలోనే ఉన్నా సరే, మీరు బతికుంటే చాలు. ఒక్క ముక్క రాయండి.

మీ కృప

సికింద్రాబాద్
20 సెప్టెంబరు

ప్రియమైన బంగారుతల్లికి,

బతికే ఉన్నాను. అందరం ఉన్నాం. మొన్న సైన్యం వచ్చేసింది. తిరుమలగిరి రోడ్డున బండ్లు పోతుంటే నిలబడి చూసి, సిగ్గు లేకుండా ఏడ్చాను.

ఉత్తరాలు విప్పి చదువుతారన్న భయంతో నీకు అసలు సంగతి రాయలేదు. పాతరలో ఉన్నది నేను కాదు, విజయమ్మ పెనిమిటి వీరయ్య. ఆగస్టు పదిహేనున మూడు రంగుల జెండా ఎగరేశాడని అతని కోసం రజాకార్లు తుపాకులతో వెతికారు.

నీ మొదటి ఉత్తరం చేరిన మర్నాడే వాళ్లు నలుగురు వచ్చి, పాతర మూత ఎత్తి చీకట్లోకి తొంగిచూశారు. "అందర్ క్యా హై?" లోపల ఏముందని గద్దించారు. నీకోసం పట్టిన పురుగు సీసాలో, సీసా నా చేతిలో. భూతద్దం పెట్టి ముందున్నవాడికి చూపించాను. "బిచ్ఛూ కే బచ్చే, సాబ్. నీచే హజారోఁ హై" అన్నాను. తేలు పిల్లలు, కింద వేలున్నాయని! అద్దంలో వాడికి ఎంత పెద్దగా కనిపించిందో ఏమో, మూత ధనాలున పడేశాడు. వాళ్లు గేటు దాటి వెళ్లిపోయారు.

మొన్న వీరయ్య పైకొచ్చాక గంటసేపు కళ్లు తెరవలేకపోయాడు. సీసా నీకు పంపుతానంటే ఒప్పుకోలేదు. "ఇరవై రోజులు ఒక్క ఇంట్ల ఉన్నం సార్. జెర దాని జాగల దాన్ని ఇడువుండ్రి" అన్నాడు. విడిచేశాను. మీ ప్రొఫెసర్‌గారిని ఏమీ అనుకోవద్దని చెప్పు.

ముప్పై ఏళ్లుగా పిల్లలకు అబద్ధమాడవద్దని నేర్పినవాణ్ణి. దాన్ని తేలు అన్నాను, తల్లీ. ఈ ఒక్క తప్పు మాత్రం దిద్దుకోను.

నిన్ను చూడాలని ఉన్న
నాన్న