పక్కగదిలో నా నడక

తమ్ముడూ,

నీ చిన్నదాని మోకాలి ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారటగా. బడి ఎగ్గొట్టడానికి వేషాలేస్తోందని దాన్ని కసిరావని మరదలు చెప్పింది.

నా మోకాలికీ అమ్మ ఏడాదంతా తైలం రాసింది. జబ్బు తుంటిలో ఉన్నా నొప్పి మోకాల్లో తెలుస్తుందని ఎవరికీ తట్టలేదు. తట్టేసరికి నా కాలు పొట్టిదైపోయింది.

రేపే దాని తుంటికి ఎక్స్‌రే తీయించు. డాక్టరు విసుక్కుంటే మా అక్క చాదస్తమని చెప్పు. అందాకా దాన్ని నడవనివ్వకు, ఎత్తుకో.

మొన్న మీ ఇంటికొచ్చినప్పుడే చెప్పాల్సింది. మీ వంటింట్లో కూర్చుని బఠాణీలు ఒలుస్తుంటే పక్కగదిలో నా అడుగుల చప్పుడు వినిపించింది. ఒక అడుగు బరువుగా, ఒకటి ఈడుస్తూ. నేను కూర్చునే ఉన్నాను కదా అనుకుంటూ లేచి తలుపు తీశాను. నీ కూతురు మంచినీళ్ల కోసం వస్తోంది.

అక్క