ముజీబ్ మామ కొన్న తుపాకీ

విశాఖపట్నం, పాత ఊరు
ఆదివారం

చిరంజీవి ఫర్హాకు,

మీ అబ్బా సలాం చెప్పి, దీవించి రాసేది. అల్లా దయవల్ల నేనూ మీ అమ్మీ ఇక్కడ కులాసాగా ఉన్నాం. అడవిలో నువ్వూ, కారుతోందన్న నీ క్వార్టర్ కప్పూ కూడా బాగుండాలని కోరుకుంటున్నాం.

ముందు అసలు సంగతి రాసేస్తాను, మిగతాది తీరిగ్గా చదువుకో. సంబంధం చెడలేదు. ఇర్ఫాన్‌తో నీ మంగనీ అనుకున్న రోజునే జరుగుతుంది, ఉంగరాలు ఆ రోజే మార్చుకుంటారు. మీ అమ్మీ ఫోన్లో నసుగుతోందనీ, ఏదో దాస్తున్నామనీ రాశావు. దాచిన మాట నిజమే. కొండెక్కితే గాని నీకు సిగ్నల్ రాదు, వచ్చినా సగం మాటలే వినిపిస్తాయి. పైగా ఫోన్లో చెబితే మధ్యలోనే అరుస్తావు. కాగితమైతే అరిచినా చివరిదాకా చదవక తప్పదు కదా. అందుకే ఉత్తరం.

అమ్మీ మోకాలు ఎలా ఉందని అడిగావు. డాక్టరు మెట్లు ఎక్కొద్దన్నాడు. ఈవిడ రోజూ మేడ మీదకి వెళ్ళి అప్పడాలు ఎండబెడుతోంది. నేను అడిగితే, "మోకాలు నాదా నీదా?" అంటోంది. కొట్టు ఎప్పుడు మూస్తావని కూడా అడిగావు. మీ తాతల నాటి తుపాకుల కొట్టు, ఇప్పుడు రిపేర్లే ఎక్కువ. అయినా తాళం తీసి కూర్చోకపోతే నాకు ఒంట్లో బాగుండదు.

మూడో ప్రశ్నకే నాకు నోరు పెగలలేదు. పెళ్ళయ్యాక నిన్ను ఫారెస్టు ఉద్యోగం మానమంటారా లేదా, ఇర్ఫాన్ వాళ్ళ అబ్బా ముజీబ్ మామని ముందే అడిగి రాయమన్నావు. మానాల్సి వస్తే ఈ పెళ్ళే వద్దని కూడా రాశావు. ఆ వాక్యం మీ అమ్మీకి చదివి వినిపించలేదు. ఇర్ఫాన్ అంటే నీకు ఇష్టమని నాకు తెలుసు. అంత ఇష్టం పెట్టుకుని ఆ మాట రాయడానికి నువ్వెంత బాధపడి ఉంటావో కూడా తెలుసు. దాని సమాధానం ఉంది. కానీ అది తుపాకీ కథలోంచి వచ్చింది కాబట్టి వరసగా చెప్పాలి.

పోయిన నెలలో ఒకరోజు ముజీబ్ పూర్ణా మార్కెట్లో తన మిరపకాయల కొట్టు కట్టేసి, తుమ్ముకుంటూ మన కొట్టుకి వచ్చాడు. తగరపువలస దాటాక వాళ్ళకి జీడితోట ఉంది కదా. పందుల బాధకని వాళ్ళ నాన్న హయాం నుంచి ఆ తోటకి తుపాకీ లైసెన్సు ఉంది. తుపాకీ మాత్రం తుప్పు పట్టి ఎప్పుడో పోయింది.

"బావా, ఒక తుపాకీ సూడు. మూతిలోంచి మందు దట్టించే పాతరకమే సాలు. సవగ్గా ఉండాల, పేలితే మాత్రం గట్టిగా పేలాల," అన్నాడు.

నీకు తెలుసుగా మీ అబ్బా సంగతి. చాన్నాళ్ళకి ఒక మనిషి రిపేరుకి కాకుండా కొనడానికి వచ్చాడు, అదీ కాబోయే వియ్యంకుడు. నాకు పండగే. అమ్మకానికి ఉన్న మూడూ తీసి బల్ల మీద పెట్టాను. రెండు గొట్టాలది చూసి అతను మోజుపడ్డాడు. పందిని బెదిరించడానికి రెండు గొట్టాలెందుకు, బరువూ ధరా తప్ప అన్నాను. ఇంకొకటి తళతళలాడే కొత్తది, చవక కూడా. దాని చెక్క చూసి మోసపోవద్దని చెప్పి, గొట్టంలోకి టార్చి వేసి చూపించాను. లోపల గీతలు, ఒకచోట చిన్న గుంట. మందు దట్టించి పేలిస్తే ఏదో ఒకరోజు అది పంది వైపు కాదు, నీ మొహం వైపే పగులుతుందన్నాను. అతను చప్పున చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

మూడోది ఒంటి గొట్టం, పాతది, చూపుకి ఆనదు. గొట్టం మందంగా, లోపల నున్నగా ఉంది. దెబ్బ కొట్టే ఘోడా గట్టిగా పడుతోంది. ఆ ఘోడా కింద చిటికెన వేలి గోరంత ఇనప బుడిపె ఉంటుంది, నీకు చిన్నప్పుడు చూపించాను, దాని మీదే మందు టోపీ పెడతాం, ఘోడా ఆ టోపీని కొడితేనే లోపలి మందుకి నిప్పు అంటుకుంటుంది. ఆ బుడిపె మర కూడా అరగలేదు. ధర ఆ తళతళలాడేదానికంటే కాస్తే ఎక్కువ. "ఇదే తీసుకో," అన్నాను. నేను చెప్పానని మారు మాట్లాడకుండా ఒప్పుకున్నాడు. లైసెన్సులో ఎక్కించడం వగైరా అంతా పద్ధతిగానే చేశాం.

చాయ్ తాగుతూ అప్పుడు బయటపెట్టాడు.

"పందులు ఎక్కడికి పోతాయిలే బావా. ముందు దుప్పిని కొట్టాల. కొండవార నుంచి దిగతన్నాయంట. మంగనీకి దుప్పి బిర్యానీ! ఫారెస్టాఫీసరు కోడలుగా వత్తంటే మేక మాంసం పెడితే ఏటి మర్యాద? అడివి పిల్లకి అడివి మాంసం పెట్టాల. ఎవుళికీ సెప్పకు, మీ అమ్మాయికి సర్‌ప్రైజు!"

నవ్వొస్తోందా, కోపమొస్తోందా? దుప్పిని కొట్టడం నేరమని ఆ మనిషికి తెలియక కాదు. ఏదో సిగ్నల్ దాటడం లాంటి నేరమనుకున్నాడు. నీ ఉద్యోగమంటే జంతువులన్నీ నీ చేతి కింద ఉంటాయని అతని ఊహ. కలెక్టరు ఇంట్లో పెళ్ళికి ట్రాఫిక్ ఆపినట్టు, నీ మంగనీకి ఒక దుప్పి పోతే ఏమవుతుందనుకున్నాడు. నిన్ను గొప్ప చేయాలన్న ఆత్రమే తప్ప అందులో చెడ్డ బుద్ధి లేదు.

వేటకి నన్నూ రమ్మని ముజీబ్ పిలిస్తే, నిన్న మధ్యాహ్నం నేను తగరపువలస బస్సెక్కి తోటకి వెళ్ళాను. ముజీబ్ జీడిచెట్టు కింద గోనె పరిచి, తుపాకీ, మందు, గుళ్ళు అన్నీ సర్దుకుని కూర్చున్నాడు. తోట కాపలా అప్పలసూరి కత్తి నూరుతున్నాడు. ఇర్ఫాన్ కూడా ఉన్నాడు, పోర్టులో క్రేన్ డ్యూటీ దిగి తిన్నగా వచ్చినట్టున్నాడు, ఇంకా ఆ బూట్లతోనే ఉన్నాడు. సాయంత్రం కొండవారకి వెళ్ళాలని వాళ్ళ ఏర్పాటు. ముందు ఒకసారి ఉత్తి టోపీ పేల్చి చూద్దామని ముజీబ్ టోపీ వేళ్ళ మధ్య పట్టుకుని, ఘోడా ఎత్తి, అటూ ఇటూ వెతికాడు.

"బావా, టోపీ ఎక్కడెట్టాల?"

తుపాకీని అటు తిప్పి, ఇటు తిప్పి చూశాడు.

"ఇక్కడేదో ఉండాల గదా? కొట్లో సూపించావు. ఏటైపోనాది?"

"నా జేబులో ఉంది," అన్నాను.

తుపాకీ అతను తీసుకెళ్ళే ముందే నేను ఆ బుడిపె ఊడదీశాను. అది లేకపోతే ఎంత మందు దట్టించినా తుపాకీ చేతికర్రతో సమానం. ముజీబ్ మొహం అతని కొట్లో మిరపకాయల రంగుకి వచ్చింది. "వియ్యంకుడివా, దొంగవా?" అని లేచాడు.

నేను కేసుల సంగతి చెప్పాను. తోట నాది, లైసెన్సు నాది అన్నాడు. లైసెన్సు పంటకే గాని దుప్పికి కాదన్నాను. నీ సంగతి చెప్పాను. "విందులో ఆ పళ్ళెం ముందుకి వస్తే మా ఫర్హా తినదు, లేచి నిలబడుతుంది. ఇది ఎక్కడిదని అడుగుతుంది," అన్నాను.

"పెళ్ళికూతురేటి, మావగారి మీద కేసెట్టేత్తాదా?"

"నేనైతే పెట్టను. అది పెడుతుంది," అన్నాను. ఆ మాట అనేటప్పుడు భయం వేసింది బేటీ. గర్వంగా కూడా అనిపించింది.

అయినా అతను మెత్తబడలేదు. అప్పుడు నాకు తెలిసిన పని మాటే చెప్పాను. "ముజీబ్, ఇది ఒకే గుండు తుపాకీ. పేలగానే కళ్ళ ముందంతా పొగ. రెండో గుండు దట్టించేలోగా దెబ్బతిన్న దుప్పి ఎక్కడికో పరిగెడుతుంది. చీకట్లో తుప్పల్లో వెతుకుతావు. దొరికేసరికి ప్రాణం ఉండదు. బిస్మిల్లా అని కత్తి పెట్టడానికి ప్రాణమే లేనిదాన్ని ఏం చేస్తావు? మంగనీ రోజున హరాం మాంసం వండి నా కూతురికి పెడతావా?"

అప్పలసూరి కత్తి నూరడం ఆపేశాడు. ముజీబ్ చేతిలోని టోపీని గోనె మీద పెట్టేశాడు. అయిదు పూటలా నమాజు తప్పని మనిషి, ఇంత దూరం ఆలోచించలేదు. గొంతు తగ్గించి, "మరి ఈ బుడిపి తియ్యాలని నీకెప్పుడు తోసింది? తుపాకీ అమ్మినప్పుడు నవ్వతానే ఉన్నావు గదా?" అన్నాడు.

ఇక్కడిదాకా చదివి, మా అబ్బా ఎంత ధైర్యవంతుడు, ఎంత తెలివైనవాడు అనుకుని ఉంటావు. కాదు బేటీ. ఇప్పుడు రాసేది మీ అమ్మీకి కూడా నిన్న రాత్రే చెప్పాను. దుప్పి మాట విన్నప్పుడు నేను ఏమీ అనలేదు. నవ్వాను. "బాగుంటుంది," అని కూడా అన్నాను. కాదంటే అతనికి కోపం వస్తుందనీ, సంబంధం తప్పిపోతుందనీ, నువ్వు ఇష్టపడ్డ కుర్రాడు దూరమవుతాడనీ భయపడ్డాను. నీకు చెబుదామంటే, నువ్వు ఊరుకోవు. ఉద్యోగం మానాల్సి వస్తే పెళ్ళే వద్దన్నదానివి, దీనికి ఊరుకుంటావా? అందుకని తుపాకీకి నూనె పెడతానని వంక చెప్పి కొట్లో అట్టే పెట్టుకుని, రోజూ దాని వైపు చూస్తూ కూర్చున్నాను. అన్నం సయించలేదు. మీ అమ్మీ నసుగుడు అప్పటిదే. నన్ను చూసి దానికి బెంగ.

ముజీబ్ తుపాకీ తీసుకెళ్ళడానికి వచ్చే ముందురోజు సాయంత్రం ఇర్ఫాన్ కొట్టుకి వచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"చాచా, నాను మా అబ్బాకి సెప్పి సూశాను. ఇనడు. ఎంత సెప్పినా సర్‌ప్రైజంటాడు. అది పేలకండా ఏటైనా సెయ్యగలవా? ఫర్హా ముందర నాను తలెత్తుకోవాల గదా," అన్నాడు.

వెంటనే నేను మర తిప్పి ఆ బుడిపె ఊడదీశాను. నా చేతులు ఎంత తేలికయ్యాయో చెప్పలేను. తెలివి అతనిది, ధైర్యం కూడా అతనిదే. నేను ఊడదీసే పని మాత్రం చేశాను. ఇన్నాళ్ళూ కొట్లో కూర్చుని ఎవరికి ఏ తుపాకీ మంచిదో చెప్పాను గాని, వద్దు అనాల్సిన చోట నోరు మెదపలేదు. నన్ను క్షమించు.

నిన్న తోటలో ముజీబ్ అలా అడగగానే, నాకంటే ముందే ఇర్ఫాన్ ముందుకొచ్చి, "నానే తియ్యమన్నాను అబ్బా," అన్నాడు.

ముజీబ్ కొడుకుని చూశాడు, నన్ను చూశాడు. మళ్ళీ గోనె మీద కూలబడ్డాడు. "మీరిద్దరూ అప్పుడే ఒకటైపోనారా!" అని నవ్వడం మొదలెట్టాడు. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు. మా ముగ్గురినీ చూసి అప్పలసూరి కత్తి బొడ్లో దోపుకుని, జీడిపళ్ళు కోసుకొచ్చి పెట్టాడు. ఎవరి పీకా తెగలేదన్న సంతోషం అతని మొహంలో నాకంటే ఎక్కువ కనిపించింది.

"ఫర్హాకి ఎరికేనా?" అన్నాడు ముజీబ్ చివరికి.

"ఇంకా లేదు. రేపు రాస్తాను."

"రాయి. అన్నీ రాయి. ముజీబ్ మావ ఒట్టి ఎర్రోడని కూడా రాయి."

నేను బుడిపె తీసి అతని చేతిలో పెట్టబోయాను. తీసుకోలేదు.

"నా దగ్గరుంటే మళ్ళీ ఏదో బుద్ధి పుడతాది. మా కోడలికియ్యి. పందులు పడినప్పుడు ఆవిడ్నే అడుగుతాను. ఎప్పుడు పేల్చాలో, ఎప్పుడు కూడదో రూలు ఆవిడకే గదా తెలుసు. పెళ్ళయినాక కూడా ఆ ఉద్దోగంలోనే ఉంటాది గదా?" అన్నాడు.

విన్నావా బేటీ? నేను అడగలేకపోయిన ప్రశ్న అది. అతనే నన్ను అడిగాడు, అదీ నువ్వు ఎక్కడ మానేస్తావో అన్న బెంగతో. ఉంటుందని చెప్పాను. నీ తరఫున నేను ఇచ్చిన మాట అదొక్కటే, దానికైనా నన్ను తిట్టవనుకుంటాను.

బస్సు దొరికి ఇంటికి చేరేసరికి దీపాలు పెట్టారు. మీ అమ్మీ సంగతంతా విని, ముందు నన్ను చెడామడా తిట్టింది. తర్వాత, "మేక మాంసమే వండుతారు గదా? మసాలా నాను నూరి పంపుతాను, ఆళ్ళ మసాలాలో ఒట్టి మిరపకాయే ఉంటాది," అంది. నాకు చాలా రోజుల తర్వాత ఆకలి వేసింది. ఏం తిన్నానో గుర్తులేదు గాని రెండుసార్లు పెట్టించుకున్నాను.

బుడిపెకి నూనె రాసి, గుడ్డలో చుట్టి, నీ గాజుల పెట్టెలో పెట్టాను. పోస్టులో పంపే వస్తువు కాదది. మంగనీకి లీవు పెట్టి వచ్చినప్పుడు నువ్వే తీసుకో. ఇర్ఫాన్‌కి నేను ఈ సంగతి రాసినట్టు చెప్పకు, సిగ్గుపడతాడు. నువ్వే ఏదో ఒకటి రాయి అతనికి.

ఇట్లు
ఇవాళ హాయిగా కొట్టు తాళం తీసిన
మీ అబ్బా,
లతీఫ్