పద్దెనిమిది సెకన్లు

చీపురుపల్లి,
12 ఆగస్టు 2014

మేనల్లుడు రాబర్ట్‌కు, ప్రభువు కాపుదల నీ ఇంటిమీద ఉండాలని కోరుతూ మావ కృపానిధి రాయునది.

నిజానికి ఈ ఉత్తరం రాయడం మానేద్దామనుకున్నాను. నీకు చదివే తీరిక ఎక్కడుంది? గరివిడిలో నీ ల్యాబు ముందు చెప్పులు పెట్టుకోను చోటుండడం లేదట. రక్తం గడ్డకట్టే టైము చూసే మిషను నువ్వు కొన్నాక నా ల్యాబు వాకిట్లో కోళ్లు తిరుగుతున్నాయి.

గుండెకు లోహపు వాల్వు వేయించుకున్న చేపల కూర్మమ్మ పదకొండేళ్లుగా నెలనెలా నా దగ్గరికే వచ్చేది. రక్తం పల్చబడే మాత్ర ఎంత వేసుకోవాలో నా అంకె చూసే డాక్టరు రాసేవాడు. పోయిన వారం నీ దగ్గరికి వెళ్లిందట. ఎందుకని అడిగితే ఏమందో తెలుసా?

"ఆల మిసను కుయ్యిమని కాయితం ఇచ్చేస్తాది. నువ్వు గొట్టం ఊపుకుంటా, తప్పిపోయిన సూది ఎతికినట్టు సూస్తావు బాబూ."

కడుపు మండదా? గొట్టం వంచి, దారంలాంటి తొలిగడ్డ పడగానే గడియారం నొక్కడం నీకు నేర్పిందెవరు? మా రోజుల్లో కరెంటు పోయి, గొట్టాల్ని వెచ్చగా ఉంచే నీళ్లతొట్టి చల్లారితే గొట్టాన్ని పిడికిట్లో పట్టుకునేవాళ్లం. ఒంటివేడిని మించిన తొట్టి లేదు. నాతో పనిచేసే నూకయ్య జ్వరంతో ఉండి అలాగే పట్టుకుంటే గడ్డ తొందరపడింది. పెద్ద డాక్టరు వాడిచేత వారం రోజులు గాజుపలకలు కడిగించాడు. అది వేరే కథలే.

నీ కాగితంలో పద్దెనిమిది సెకన్లని ఉంది. అంటే రక్తం తొందరగా గడ్డకడుతోంది, మాత్ర పెంచాలి. నేను చూస్తే ఇరవై తొమ్మిది, ఆమెకు ఉండాల్సినంతే. పెంచొద్దని ఆమెకు గట్టిగా చెప్పాను. నీ మిషనుకే జబ్బు చేసింది, ఎవరికైనా చూపించుకో.

ఇట్లు,
ఇంకా చేత్తోనే చూసే నీ మావ
కృపానిధి

తా.క.: పై మాటలు నిన్న సాయంత్రం రాసినవి. నీ తప్పు రుజువు చేద్దామని ఈ పొద్దున కూర్మమ్మను పిలిపించి మళ్లీ రక్తం తీశాను. సాక్షిగా మీ అత్త ఎలీసమ్మను పక్కన నిలబెట్టాను. గడియారం నొక్కితే ముప్పై. మీ అత్త నా మొహంలోకి చూసింది.

"దారం ఎప్పుడో పడిపోనాది. నీకు అవుపడనేదేటి?"

గడియారం ఆమె చేతికిచ్చి మళ్లీ చేశాను. పద్దెనిమిది.

కంట్లో పొర ఏడాదిగా ఉంది. చెబితే మిగిలిన నలుగురూ నీ దగ్గరికే వస్తారని దాచాను. నా అంకెలు నమ్మి డాక్టరు రెండుసార్లు మాత్ర తగ్గించాడు. వాల్వు మీద గడ్డ పేరుకుందేమోనని భయంగా ఉంది. ఈ ఉత్తరం, నా అంకెలున్న పాత కాగితాలు కూర్మమ్మ చేతికే ఇస్తున్నాను. ఇవాళే డాక్టరు దగ్గరికి నువ్వే దగ్గరుండి తీసుకెళ్లు, తప్పు నాదని చెప్పు. నీ మిషనంటే మాత్రం నాకు ఇంకా ఒళ్లుమంటే.

ఆటో వచ్చింది. కూర్మమ్మ ఎక్కి కూర్చుంది.