కొత్త పడవను తట్టించు తల్లీ

నంద్యాల,
ఆదివారం, చర్చి నుంచి వచ్చినాక.

అమ్మా షాలినీ,

నిన్నూ మా అల్లుడు ఫ్రాన్సిస్ గారినీ ప్రభువు చల్లగా చూడాలని కోరుకుంటూ మీ నాయన రాసేది. ఇక్కడ మీ అమ్మ దానమ్మా నేనూ లేస్తున్నాం, తిరుగుతున్నాం, వేళకు తింటున్నాం. అమ్మ మోకాళ్ళకు నువ్వు పంపిన నూనె బాగా పనిచేస్తోంది. నా చెవులే ఇంకా మందగించాయి. కుక్కరు కూత పక్కింటికి వినపడుతుంది గానీ నాకు వినపడదు. అందుకే ఫోను వద్దు, ఉత్తరం రాయమని నిన్ను సతాయించేది.

నీ ఉత్తరం గురువారం వచ్చింది. చదివిందే చదివాను తల్లీ. రాళ్ళు కొట్టుకునే ఓబయ్య కూతురు విశాఖపట్నం సముద్రంలో సొంత పడవ దించుతోందంటే నా కాళ్ళు నేల మీద నిలవలేదు. ఫొటో జేబులో పెట్టుకొని టీ అంగడికి పోయి అందరికీ చూపించాను. అంగడి సుగుణమ్మ తెలుసు కదా, చూసి, "ఏందన్నా, పడవ మీద దుప్పటి ఆరేసినారు?" అంది.

"తెరచాపమ్మా అది. ఇంజను లేకుండా గాలికే పోతాది."

"గాలి ల్యాకపోతే?"

"మా అల్లుడు నూకుతాడులే."

ఆమె నవ్వి నాకు టీ ఊరికే ఇచ్చింది. అంగడి పెట్టినాక ఎవరికైనా ఊరికే ఇవ్వడం ఇదే మొదలట.

పిల్లలకు పడవ నడపడం నేర్పిస్తామని రాశావు. మంచి పని. మొదటిసారి నీళ్ళలో దించేటప్పుడు నన్నే వచ్చి చెయ్యి వేయమన్నావు. ఆ మాట చదివి మీ అమ్మ నా తెల్లపంచె ఉతికి పెట్టేసింది.

ఇక నువ్వు అడిగిన పెద్ద మాట. కొత్త పడవ, కట్టినవాళ్ళ దగ్గర నుంచి నేరుగా వచ్చింది, దాన్ని పడవల సర్వేయరును పిలిపించి చూపించాలా వద్దా అని. ఆయన చిన్న సుత్తితో పడవ అడుగంతా తట్టి, చప్పుడు విని, బాగుందో లేదో కాగితం రాసిస్తాడట. "కొత్తదానికి పరీక్ష ఏమిటి" అని ఫ్రాన్సిస్ గారు నవ్వుతున్నారట. ఆ సుత్తి మాట చదవగానే నేను పొంగిపోయాను. సముద్రం దగ్గర కూడా మా పనే చేస్తారా అనుకున్నాను.

ఆళ్ళగడ్డలో నలభై ఏండ్లు బండ చెక్కిన వాణ్ణి కదా. అక్కడ మాకొక కట్టుబాటు ఉండేది. పెద్ద బండను పైకెత్తే ముందు, చెక్కినవాడు కాక వేరే పనివాడు వచ్చి దాన్ని తట్టి వినాలి. చెక్కినవాడికి తన రాయి మీద ఆశ ఉంటుంది, చెవి సరిగా వినదు. ఖంగుమంటే ఎత్తుతాం. దబ్బుమంటే లోపల చీలిక ఉన్నట్టు, పక్కన పడేస్తాం. నా బండలు చక్రపాణి తట్టేవాడు, ఆయన విగ్రహాల రాళ్ళు నేను తట్టేవాణ్ణి. కాబట్టి చూపించు తల్లీ. కొత్తదైతే మరీ చూపించు.

ఇంతవరకు రాసి కాగితం మడుద్దామనుకున్నాను. చెయ్యి రాలేదు.

మీ అన్న తిమోతి పోయిన రోజు నువ్వు హాస్టల్లో ఉన్నావు. బండలెత్తే సంజీవయ్య గొలుసు జారి బండ పడిందని నీకు చెప్పింది నేనే. గొలుసు జారలేదమ్మా. బండ విరిగింది.

గోస్పాడు దగ్గర పల్లెలో కొత్త చర్చి వాకిలికి పైబండ అది. ఆదివారం ప్రతిష్ఠ అని చీటీలు పంచేశారు. ఆ వారం చక్రపాణికీ నాకూ ఏదో మాట పట్టింపు, పలకరింపులు లేవు. తిమోతి అడిగాడు, "నాయనా, చక్రపాణన్నను పిల్చకొస్తా, తట్టి పోతాడు."

"కొత్త రాయిరా, మొన్ననే గనిలో నుంచి వచ్చె. దానికి వాడేంది తట్టేది" అన్నాను.

వాడు పోయాక నేనే తట్టాను. నడిమికి వచ్చేసరికి దబ్బుమంది. ఇంకోసారి తట్టాను, అదే చప్పుడు. కింద మట్టి మెత్తగా ఉంది, అందుకే ఇట్లా వస్తోందని నాకు నేనే చెప్పుకున్నాను.

మనిషెత్తు లేచాక బండ నడిమికి విరిగింది. ఒక సగం, కింద తాడు పట్టుకున్న తిమోతి మీద పడింది. వదులైన గొలుసు ఊగుతుంటే ఎవరో "గొలుసు జారె, పడి విరిగె" అన్నారు. నేను తల ఊపాను. విరిగిన చోట ఎర్రమట్టి చార ఉంది, అది పాత చీలిక. ఎవరూ చూడకముందే గునపంతో బండ ఆ వైపును నేలకు తిప్పాను. తిమోతి సమాధి మీద నేను చెక్కి పెట్టిన రాయి ఆ బండలో సగమే. ఆ చార కింది వైపు ఉంది. మీరు వచ్చినప్పుడల్లా పూలు పెట్టేది దాని మీదే.

పందొమ్మిదేండ్లు నోరు మూసుకున్నాను. నీ ఉత్తరంలో "కొత్తదానికి పరీక్ష ఏమిటి" అన్న చోట నా మాటే నాకు కనపడింది. మర్నాడే ఆళ్ళగడ్డ బస్సెక్కాను. సంజీవయ్య బస్టాండు బయట శెనక్కాయలు అమ్ముతున్నాడు. ఆ రోజు తర్వాత బండలెత్తే పనికి ఆయనను ఎవరూ పిలవలేదు.

"సంజీవా, నీ గొలుసు జారలేదప్పా. నా బండ విరిగింది. నాకు అప్పుడే తెలుసు" అన్నాను.

కొడతాడనుకున్నాను. ఆయన పొట్లం కడుతున్న కాగితం కింద పెట్టి, నా చెవి దగ్గరికి వచ్చి మెల్లగా చెప్పాడు. "ఆ గొలుసు ఎవురికీ అమ్మలేదు ఓబన్నా. ఇంట్లోనే ఉండాది. ఇప్పటికీ బయటికి తీసి ఒక్కో లింకూ చూస్తాండా, యాడ జారిందా అని."

నేను వచ్చేటప్పుడు, "ఈ మాట ఇంటికొచ్చి నా కొడుకులకు చెప్పు. బేగా రా" అన్నాడు. రేపు పోతున్నాను.

నిన్న మీ అమ్మకు చెప్పాను. కంచంలో అన్నం పెడుతోంది, పక్కన కూర్చోవడం లేదు.

పడవకు అన్న పేరు పెట్టనా అని చివర్లో అడిగావు. పెట్టు తల్లీ. కానీ ఆ పేరు రాయించే ముందు తట్టించు. అమ్మినవాళ్ళు చూపించిన మనిషి వద్దు, వాళ్ళతో ఏ మొహమాటమూ లేనివాణ్ణి పిలిపించు. ఆయన తట్టేటప్పుడు ఫ్రాన్సిస్ గారిని పక్కనే నిలబెట్టు. దించే తేదీ అందరికీ చెప్పేశారు, పాస్టరు గారు కూడా వస్తున్నారు, నాకు తెలుసు. అయినా ఒక్క చోట చప్పుడు తేడాగా ఉంటే ఆ తేదీ పోనీ.

ఈ ఉత్తరం చదివినాక కూడా ఆ పడవ మీద నా చెయ్యి పడాలనిపిస్తే రాయి, వస్తాను. అనిపించకపోయినా తట్టించు.

ఇట్లు,
తిమోతికీ నీకూ నాయన,
ఓబయ్య